బతుకమ్మ, గొబ్బిళ్లు, ఆగస్టు 15: పిల్లలకు పాట, ఆట నేర్పడం ఎలా

పండగ పది రోజుల్లో ఉందనగా చాలా బడుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ జరిగేది ఒకటే. ఫోన్లో ఒక పాట వెతుకుతారు, స్పీకర్‌కి తగిలిస్తారు. బాగా ఆడే ఇద్దరు ముగ్గురిని ముందు వరసలో పెడతారు. మిగతా పిల్లలు వెనక నిలబడి చేతులు ఊపుతారు. పండగ దాటాక వాళ్లలో ఎవరినైనా ఒక చరణం పాడమనండి, రాదు. పాడింది స్పీకరు కదా, పిల్లలు కాదు.

ఇంకో దారి ఉంది. కష్టమైనది కాదు గానీ కాస్త ముందు మొదలుపెట్టాలి. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు నేర్పే టీచర్లకు, తల్లిదండ్రులకు, వేరే దేశాల్లో తెలుగు సంఘాల తరఫున పండగలు చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మీకు సంగీతం వచ్చి ఉండక్కర్లేదు. ఒక పాట తప్పుల్లేకుండా పాడగలిగి, తాళం తప్పకుండా చప్పట్లు కొట్టగలిగితే చాలు.

తేదీని చూడకండి, నెలను చూడండి

మన పండగల్లోనే రిహార్సల్ ఉంది. బతుకమ్మకు ముందు, భాద్రపదంలో, పెళ్లికాని ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. చెక్కపీట మీద పుట్టమన్నుతో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, సాయంత్రాలు చుట్టూ తిరుగుతూ పాడతారు. అమావాస్య నాటికి చిన్నపిల్లలకు అడుగు, చప్పట్లు, పల్లవి పట్టుబడతాయి. అదే అమావాస్య రోజు ఎంగిలిపూలతో పెద్దవాళ్ల బతుకమ్మ మొదలవుతుంది. పిల్ల నేరుగా అమ్మ పక్కకు వచ్చి కలిసిపోతుంది. ఆంధ్ర వైపు సంక్రాంతి కూడా అంతే. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టగానే వాకిట్లో గొబ్బెమ్మలు పెడతారు. భోగి వచ్చేసరికి పిల్లలు నెల రోజులు పాడి ఉంటారు.

కాబట్టి బతుకమ్మ పాటలైతే వినాయక చవితి నిమజ్జనాల హడావుడి తగ్గగానే మొదలుపెట్టండి. గొబ్బి పాటలు డిసెంబరు 16 దగ్గర్లో మొదలుపెట్టండి. రోజుకి 15 నిమిషాలు చాలు. వారానికి ఒకసారి గంటన్నర కూర్చోబెట్టడం కన్నా రోజూ పావుగంట పాడించడం ఎంతో మేలు. బడిలో మధ్యాహ్న భోజనానికి ముందు పావుగంట దొరుకుతుంది. ఇంట్లో అయితే దీపం పెట్టే వేళ.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు. మీరూ పిల్లల గొంతులకు సెలవు ఇవ్వండి. ఐదు రోజులు వరసగా పాడిన చిన్న గొంతుకు ఆ ఒక్కరోజు విశ్రాంతి చాలా అవసరం.

పాట ఎక్కడి నుంచి తేవాలి

ముందు ఇంటి పెద్దవాళ్లను అడగండి. అమ్మమ్మ, నానమ్మ, పక్కింటి పెద్దమ్మ, బడిలో వంట చేసే అక్క, ఎవరో ఒకరి దగ్గర పాట తప్పకుండా ఉంటుంది. ఫోన్లో రికార్డు చేసుకోండి. రెండుసార్లు పాడించుకోండి. మొదటిసారి సిగ్గుపడుతూ పాడతారు, రెండోసారి అసలు పాట బయటికి వస్తుంది. వీలైతే ఆమెనే ఒకరోజు పిల్లల మధ్య కూర్చోబెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికే వాయిద్యాల హోరు ఉన్న పాట కంటే అది వంద రెట్లు మంచిది. ఆ పాట మీ ఊరి యాసలో ఉంటుంది. యాసను సరిదిద్దకండి. "పెట్టిన్రు" అని ఉంటే "పెట్టారు" అని మార్చకండి. మాట మారిస్తే నడక చెడుతుంది.

ఎంచుకునే ముందు మూడు విషయాలు చూసుకోండి. పాట ఐదారు స్వరాల్లో తిరగాలి. పల్లవి ప్రతి పాదం చివరా రావాలి, అంటే ఉయ్యాలో, చందమామ, కోల్, గొబ్బియళ్లో లాంటి మాట. ఆ ఒక్క మాట పాడగలిగినా చాలు, ఐదేళ్ల పిల్ల పాటలో ఉన్నట్టే. మూడోది, కథ పిల్లలకు తగినదై ఉండాలి. బతుకమ్మ పాటల్లో అత్తింటి ఆరళ్లు, చావులు, బలులు ఉన్నవి చాలా ఉన్నాయి. ఎంతో గొప్ప పాటలవి, పన్నెండేళ్లు దాటాక తప్పకుండా నేర్పాల్సినవి. ఆరేళ్ల పిల్లలకు మాత్రం పూలు, చెరువు, పుట్టింటి ప్రయాణం ఉన్న పాటలు తీసుకోండి.

శ్రుతి పిల్లలది, మీది కాదు

ఎక్కువ పాటలు ఇక్కడే పాడవుతాయి. మగ టీచరు తన గొంతుకు వీలైన శ్రుతిలో అందుకుంటే పిల్లలు కింద గొణుగుతారు. రికార్డింగు ఎత్తులో అందుకుంటే పైన అరుస్తారు. రెండిట్లోనూ పాట లేదు.

ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు, ఐదారు స్వరాల పాట అయితే, రెండు శ్రుతి బాగుంటుంది. అంటే హార్మోనియం మీద రెండో తెల్లమెట్టు షడ్జమం, అంటే స, అవుతుంది. అక్కడి నుంచి పంచమం, అంటే ప, దాకా పిల్లల గొంతు హాయిగా నడుస్తుంది. పాట షడ్జమం కిందికి, మంద్ర స్వరాల్లోకి దిగేదైతే శ్రుతి పెంచాలి. నాలుగు పెట్టి చూడండి. ఫోన్లో తంబురా యాప్ ఉంటే చాలు, హార్మోనియం లేకపోయినా నడుస్తుంది. రోజూ అదే శ్రుతిలో మొదలుపెడితే వారంలో పిల్లలే శ్రుతి పట్టుకుంటారు.

మెడనరాలు పొంగుతుంటే శ్రుతి ఎక్కువైందని అర్థం. గడ్డం గొంతుకు ఆనించి పాడుతుంటే తక్కువైందని. అరుస్తున్న పిల్లను "గట్టిగా పాడకు" అంటే మొత్తానికే ఆపేస్తుంది. "పక్కమ్మాయి గొంతు నీకు వినపడేలా పాడు" అనండి, దానంతటదే సర్దుకుంటుంది.

నేర్పే వరస

మొదటి రోజు మీరు పాడండి, వాళ్లు వినాలి, అంతే. పాట మొత్తం ఒకసారి, మధ్యలో ఆపకుండా. మళ్లీ పాడేటప్పుడు చప్పట్లు కలపమనండి. మాటలు అడగొద్దు.

రెండో రోజు చప్పట్లతో పాటు పల్లవి మాట. మీరు పాదం పాడతారు, వాళ్లు "ఉయ్యాలో" అందుకుంటారు. ఊళ్లో ఒకరు చెప్పి మిగతావాళ్లు అందుకునే పద్ధతే ఇది. చదవడం రాని పిల్లలకు, తెలుగు లిపి రాని విదేశీ తెలుగు పిల్లలకు ఇంతకన్నా మంచి దారి లేదు. కాగితం మీద మాటలు రాసి ఇచ్చారా, కళ్లు కాగితం మీదే ఉంటాయి, చెవులు మూతపడతాయి. కాగితం చివరి వారంలో ఇంటికి పంపండి, అమ్మానాన్నల కోసం.

మూడో రోజు నడక. పాట పాడుతూ గదిలో ఊరికే నడవాలి, అడుగు తాళంలో పడాలి. వలయం వద్దు, వరస వద్దు. నడకలో తాళం నిలవని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లను వెనక్కి పంపకండి. తాళం బాగున్న పిల్ల చెయ్యి పట్టుకుని నడవమనండి. అలా నాలుగు రోజులు నడిస్తే తాళం చేతిలోంచి కాళ్లలోకి దిగుతుంది.

చరణాలు ఆ తర్వాతే. రోజుకి రెండు పాదాలు, అంతకు మించొద్దు. కొత్త పాదాలు నేర్పే ముందు నిన్నటివి పాడించండి. మాట అర్థం అడిగితే చెప్పండి, అడక్కపోయినా గునుగు అంటే ఏమిటో చూపించండి. ఆ తెల్లటి కంకి చేతిలో పట్టుకున్న పిల్ల పాటలో ఆ మాట దగ్గర గొంతు మారుతుంది, మీకే వినపడుతుంది.

పిల్లలతో చరణం కట్టించండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఇది. పిల్లలకూ అంతే. ఉయ్యాల పాటలో పాదం ఎలా ఉందో చూడండి. "బతుకమ్మ బతుకమ్మ ఉయ్యాలో". ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు ఒక మాత్ర. "బతుకమ్మ" అంటే ఐదు మాత్రలు: బ ఒకటి, తు ఒకటి, క పక్కన ఒత్తు ఉంది కాబట్టి రెండు, మ్మ ఒకటి. అలాంటివి రెండు ముక్కలు, ఆపైన ఉయ్యాలో. పాడేటప్పుడు ముక్క చివరి అక్షరం కాస్త సాగి ఆరు మాత్రలవుతుంది. ఉయ్యాలో కూడా ఆరే. అందుకే అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఈ లెక్క పిల్లలకు చెప్పక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు. వాళ్లకు ఇలా రెండు పాదాలు పాడి వినిపించండి:

తంగేడు పూలొచ్చె ఉయ్యాలో
తలకెత్తి తెచ్చాము ఉయ్యాలో

ఇప్పుడు "ఈరోజు పొద్దున మీరేం చేశారు?" అని అడగండి. ఒకరు "గునుగంత కోశాము" అంటారు, సరిగ్గా కూర్చుంది, అందరూ ఉయ్యాలో అందుకుంటారు. ఇంకొకరు "చెరువంత నిండింది" అంటారు, ఇంకో పిల్లాడు "మా అమ్మ నవ్వింది" అంటాడు. కొన్ని కూర్చోవు. "స్కూలుకి లేటయ్యింది" అని ఎవరో అంటారు. పాడి చూపించండి, ఎక్కడ అతకడం లేదో చెవికి తెలుస్తుంది, వాళ్లే సరిచేస్తారు. ఛందస్సు పాఠం ఇంతకన్నా సులువుగా చెప్పలేం. పండగ రోజు పెద్దవాళ్ల పాట రెండు పాదాలు, పిల్లలు కట్టినవి నాలుగు పాదాలు కలిపి పాడించండి.

వలయం వేయడం

పిల్లలు తిరుగుతుంటే వలయం ముందు కోడిగుడ్డులా సాగి, కాసేపటికి గుంపై మధ్యకు జరిగిపోతుంది. దీనికి మందు ముగ్గుపిండి. మధ్యలో మేకు పాతి తాడు కట్టి, తాడు చివర ముగ్గుపిండి పొట్లం పట్టుకుని చుట్టూ తిరగండి. ఎంత తాడు కావాలి? పిల్లకు రెండున్నర అడుగుల చోటు చొప్పున 24 మందికి 60 అడుగుల చుట్టుకొలత. దానికి తాడు తొమ్మిదిన్నర అడుగులు. కోలాటం అయితే కర్రలు తిరగాలి, మనిషికి మూడున్నర అడుగులు ఇవ్వండి, అప్పుడు అదే 24 మందికి తాడు పదమూడున్నర అడుగులు అవుతుంది. మీ ఆవరణ అంత లేకపోతే పిల్లల్ని రెండు వలయాలు చేయండి, లోపల చిన్నవాళ్లు, బయట పెద్దవాళ్లు.

ఎటు తిరగాలన్నది మీ ఊళ్లో పెద్దవాళ్లు ఎటు తిరిగితే అటే. అడుగు సులువుగా ఉంచండి: ఒక అడుగు ముందుకు వంగి చప్పట్లు, ఒక అడుగు వెనక్కి నిటారుగా, రెండు అడుగులు పక్కకు. ఏడేళ్ల లోపు పిల్లలకు ఇంతకు మించి అడుగులు పెట్టొద్దు. పాడుతూ ఆడాలి కదా. అడుగులు ఎక్కువైతే ముందు పోయేది పాటే.

బతుకమ్మ ఆడవాళ్ల పండగ, మగపిల్లలు ఏం చేయాలి అని అడుగుతుంటారు. ఇళ్లలో తంగేడు, గునుగు కోసుకొచ్చేది ఎక్కువగా అన్నదమ్ములూ నాన్నలే. బడిలో పువ్వులు తెచ్చే పని, పేర్చడంలో సాయం వాళ్లకివ్వండి, పల్లవి అందుకోవడంలోనూ ఉండనివ్వండి. పూలు కోయించేటప్పుడు కొమ్మలు విరవకుండా కోయడం నేర్పండి. తంగేడు పొదను మొత్తం దులిపేస్తే వచ్చే ఏడు అక్కడ ఏమీ ఉండదు.

గొబ్బి ఆట

గొబ్బి చిన్న వలయం. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. పేడ ముద్దలు చేసి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడిపూలు, బంతిపూలు గుచ్చి, ముగ్గు మధ్యలో పెడతారు. పేడ దొరకని చోట బంకమన్నుతో చేయండి, ప్లాస్టిక్ బొమ్మలు మాత్రం వద్దు. పిల్లలు తమ చేత్తో చేసిన దాని చుట్టూ తిరిగినప్పుడే ఆ పాటకు అర్థం. అన్నమయ్య కూడా గొబ్బిళ్ల మీద పాట కట్టాడంటే ఆ ఆట వయసు ఎంతో చూడండి, ఆయన 1503లో పోయాడు.

గొబ్బి చప్పట్లు వంగి, మోకాళ్ల దగ్గర పడతాయి. అందుకే చిన్నపిల్లల నడుము తొందరగా అలసిపోతుంది. రెండు చరణాలు వంగి, తర్వాతి రెండు నిటారుగా చప్పట్లు, ఇలా మారుస్తూ ఉండండి. ఆట అయ్యాక ఆ ముద్దల్ని పిడకలు చేసి ఎండబెట్టి దాచి, రథసప్తమికి వాటి మీదే పాలు పొంగించే అలవాటున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు కూడా పిల్లల చేత ఒక గొబ్బి పాట పాడించండి. నెల క్రితం నేర్చుకున్నది గుర్తుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

భోగిమంట దగ్గర మాత్రం ఆట పెట్టకండి. పట్టుపావడాలు, నైలాన్ ఓణీలు వేసుకున్న పిల్లలు మంట చుట్టూ తిరగడం ప్రమాదం. పాట దూరంగా కూర్చుని పాడించండి.

కోలాటం, చెక్కభజన

ఇవి ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకు. కర్ర పిల్ల మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా ఉంటే చాలు, లావు బొటనవేలంత. కొసలు గుండ్రంగా అరగదీయించండి. పెద్దవాళ్ల కర్రలు ఇస్తే మణికట్టు నొప్పి పుడుతుంది, పక్కవాళ్ల వేళ్లు చితుకుతాయి.

మొదటి రెండు రోజులు నేల మీద కూర్చోబెట్టి నేలకు కొట్టించండి. తర్వాత తన కర్రలు తనే. అటు పిమ్మట ఎదురెదురుగా కూర్చుని ఉద్దితో, అంటే జోడీతో. ఎనిమిది దెబ్బల కోపు, అంటే దెబ్బల వరస, ఒకటి చాలు: తన కర్రలు, ఉద్ది కుడి కర్ర, తన కర్రలు, ఉద్ది ఎడమ కర్ర, తన కర్రలు, రెండూ కలిపి ఉద్దితో, తన కర్రలు, ఎనిమిదో దెబ్బకి పక్కకు జరగడం. కూర్చుని ఇది పాటతో కలిశాకే లేచి నిలబడాలి. కర్రల పైభాగాలు తాకాలి, మధ్యలు కాదు. దెబ్బ గట్టిగా కాదు, ఒకేసారి పడాలి. ఇరవై కర్రలు ఒక్క చప్పుడుగా వినపడిన క్షణంలో పిల్లల ముఖాలు చూడండి.

రాయలసీమ వైపు ఉన్నవాళ్లు చెక్కభజన పెట్టండి. చేతి చెక్కల్లో బిగించిన లోహపు బిళ్లల మోత మగపిల్లలకు ప్రాణం. గురువు దొరికితే ఆయన్నే పిలవండి, ఊళ్లో ఇంకా ఉన్నారు.

స్మరించుకునే రోజులు వేరు

ఆగస్టు 15, జనవరి 26, జనవరి 30, జూన్ 2, నవంబరు 1. ఈ రోజులకు బొడ్డెమ్మ లాంటి ముందు నెల లేదు. పండగ నెలలో పాట దానంతటదే ఇంటింటా వినపడుతుంది, ఇక్కడ మీరే ఆ నెలను కల్పించాలి. పండగ రోజు పిల్ల ఒళ్లు ఊగాలి. స్మరించుకునే రోజు పిల్ల నిలబడటం, వినడం, చెప్పడం నేర్చుకోవాలి. ఈ తేడా చూపకుండా ఆగస్టు 15కి కూడా అదే స్పీకరు, అదే గంతులు పెడితే, ఆ రోజు ఎందుకొచ్చిందో పిల్లలకు ఎప్పటికీ తెలియదు.

మొదట జాతీయ గీతం. పూర్తిగా పాడటానికి దాదాపు 52 సెకన్లు. మీ బడిలో ఎంత పడుతోందో ఫోన్లో చూడండి, చాలాచోట్ల నిమిషం దాటుతుంది. పిల్లలు ప్రతి పాదం చివర సాగదీస్తారు, పైగా శ్రుతి ఎవరికి తోచింది వాళ్లు అందుకుంటారు. దీనికి కూడా పదిహేను నిమిషాల పద్ధతే. మొదటి స్వరం మీరు ఇవ్వండి, నెమ్మదిగా "జన" దగ్గర ఆపి మళ్లీ మళ్లీ మొదలుపెట్టించండి. అందరూ ఒకే స్వరంలో మొదలుపెడితే సగం పని అయినట్టే. మాటల్లో తప్పులు దొర్లేది "ఉచ్ఛల జలధి తరంగ" దగ్గర, "గాహే తవ జయ గాథా" దగ్గర. ఆ రెండూ విడిగా పలికించండి. గీతం పాడేటప్పుడు చేతి కదలికలు, పిరమిడ్లు, జెండా ఊపడాలు వద్దు. నిటారుగా నిలబడి పాడటమే దాని ఆట.

పెద్ద పిల్లలకు ఒక సంగతి చెప్పండి. టాగోర్ 1919లో మదనపల్లె కాలేజీకి వచ్చారు. ఈ పాటను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే, ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాన్ని రాసిపెట్టిందీ అక్కడే. చిత్తూరు వైపు పిల్లలకైతే ఇది తమ ఊరి కథ. "భారతదేశం నా మాతృభూమి" అంటూ రోజూ చేసే ప్రతిజ్ఞ రాసింది కూడా తెలుగువాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో. ఆయన పేరు ప్రతిజ్ఞకు ముందు ఒక పిల్ల చేత గట్టిగా చెప్పించండి. అంత పెద్ద మాట ఇచ్చినవాడికి ఆ మాత్రం గౌరవం మనం ఇవ్వాలి.

గాంధీజీ చనిపోయిన జనవరి 30న ఉదయం 11 గంటలకు రెండు నిమిషాల మౌనం ఉంటుంది. ఆరేళ్ల పిల్లలకు రెండు నిమిషాలు చాలా ఎక్కువ. దాన్నీ నేర్పాలి. వారం ముందు నుంచి ఇరవై సెకన్లతో మొదలుపెట్టండి, కళ్లు మూసుకుని దూరంగా వినపడే మూడు చప్పుళ్లు గుర్తుపెట్టుకోమనండి. రోజూ కాస్త పెంచండి. సంగీతం నేర్పేవాళ్లకు మౌనం కూడా పాఠమే, ఇలా నేర్చుకున్న పిల్లలు ఆ తర్వాత పాటలో విరామాలు ఎంత బాగా పట్టుకుంటారో మీరే గమనిస్తారు.

దేశభక్తి గేయం చప్పట్లతో

ఆగస్టు 15కి ఏ పాట అని అడిగితే నేను ముందు గురజాడ పేరే చెబుతాను. 1910లో ఆయన రాసిన దేశభక్తి గేయం ముత్యాలసరం అనే ఛందస్సులో ఉంది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, మళ్లీ నాలుగు. పిల్లలకు "తకిట తకధిమి తకిట తకధిమి" అని నోటితో చెప్పించండి. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద చప్పట్టు. అలవాటయ్యాక మాటలు అదే సంచిలో పోయండి: దేశ, మునుప్రే, మించు, మన్నా. ఒక్క మాత్ర ఎక్కువ తక్కువ ఉండదు. మాట మధ్యలో విరిగినట్టు అనిపిస్తుంది, కంగారు పడకండి, ఇది తాళం కోసమే. తాళం కుదిరాక మామూలుగా మాటలు కలిపి పలికించండి.

మూడు, నాలుగు కలిసిన ఈ నడక నడవడానికి వింతగా ఉంటుంది. కుదిరితే చిన్న అడుగు, పెద్ద అడుగుగా నడిపించండి: తకిటకి చిన్నది, తకధిమికి పెద్దది. రెండు వరసలు ఎదురెదురుగా ఇలా వచ్చి, మధ్యలో ఆగి, చివరి పాదం నిలబడి చెబితే ఇంకే ఆటా అక్కర్లేదు. ఏ రాగంలో పాడాలి అని తల బద్దలు కొట్టుకోవద్దు. తాళంతో చదివినా ఆ మాటలు నిలబడతాయి.

ముగ్గురు పిల్లలు, ఒక బుర్రకథ

స్మరించుకోవడానికి తెలుగువాళ్ల దగ్గర బుర్రకథ కంటే మంచి సాధనం లేదు. షేక్ నాజర్ లాంటి వాళ్లు దాన్ని ఊరూరా తిప్పారు. ముగ్గురు పిల్లలు చాలు: మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పేవాడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత ప్రశ్నలు వేసి సంగతులు విడమరుస్తాడు, ఇంకో వంత నవ్విస్తాడు. మిగతా తరగతి మొత్తం "తందాన తాన" అందుకుంటుంది, కాబట్టి ఎవరూ ఖాళీగా ఉండరు.

కథ ఆరేడు నిమిషాలు దాటకూడదు. అల్లూరి సీతారామరాజు కథ తీసుకుంటే దానిలోనే మూడు చరణాలు సిద్ధంగా ఉన్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషన్లోనే రాసిపెట్టి వెళ్లారన్న సంగతి దగ్గర నవ్వించే వంతకు పని ఉంటుంది. "దొంగ ఎవరైనా రసీదు ఇస్తాడా అన్నా?" అని ఒకడు అడిగితే, "దొంగ ఇవ్వడు, దొర ఇస్తాడు" అని ఇంకొకడు అనొచ్చు. ఇలాంటి మాటలు పిల్లల చేతే రాయించండి. తర్వాత 1924 మే 7, కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపడం. అక్కడ నవ్వించే వంత నోరు విప్పకూడదు, గుమ్మెట ఆగాలి. మూడు సెకన్లు మౌనం, ఆపైన తంబురా ఒక్కటే. పిల్లలు మౌనం సాధన చేసి ఉంటే ఇది చేయగలరు. కథకు గద్యం సొంతంగా రాసుకోండి, పాత కథల్లో పద్యాలు మొత్తం ఎత్తి పెడితే పిల్లల నోరు తిరగదు.

తుపాకీ బొమ్మలు, ఎర్రరంగు రక్తం, ఇంగ్లీషు దొర మీసాలు అవసరం లేదు. ఒక ఎర్రటి తలపాగా, కాళ్లకు గజ్జెలు చాలు.

పీర్ల పండగ సంగతి

రెండు రాష్ట్రాల పల్లెల్లోనూ మొహర్రం నాడు ఊరంతా పీర్ల ముందు చేరుతుంది. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ చనిపోవడాన్ని స్మరించుకునే రోజులవి. గుండం చుట్టూ డప్పుల మీద "అసైదులా" అంటూ హిందువులు, ముస్లింలు కలిసి తిరుగుతారు. పిల్లలు భుజాల మీద కూర్చుని అంతా చూస్తారు. దాన్ని బడి స్టేజీ మీదికి తేవొద్దని నా గట్టి అభిప్రాయం. అది ఊరి దుఃఖం, ఊరి మొక్కు. డాన్సు ఐటమ్ కాదు. పిల్లలను అక్కడికే తీసుకెళ్లండి, డప్పు కొట్టే పెద్దాయనతో మాట్లాడించండి, తర్వాత తరగతిలో ఆ డప్పు నడకను బల్లల మీద చేత్తో వాయించి చూడమనండి. నిప్పుకు దూరంగా నిలబెట్టండి.

ఆ రోజు

రెండు రోజుల ముందు ఒకసారి ఆడే చోటే, ఆడే వేళకే, వేసుకోబోయే బట్టలతో మొత్తం చేయించండి. పొడవాటి పావడా కాళ్లకు అడ్డం పడుతుందా, గజ్జెలు జారుతున్నాయా అప్పుడే తెలుస్తుంది. పండగ రోజు పొద్దున ఇక పాడించకండి. గోరువెచ్చని నీళ్లు, ఏదైనా తేలికపాటి తిండి. ఐస్‌క్రీము పాట అయ్యాక.

వేదిక మీదికంటే నేల మీద ఆడించండి. మైకులు పిల్లల ముందు కాకుండా వలయం మధ్యలో, ఎత్తుగా ఒకటి పెడితే చాలు. శ్రుతి మాత్రం చెవులకు అందాలి. శ్రుతి కోసం తంబురా శబ్దాన్ని చిన్నగా స్పీకర్లో పెట్టొచ్చు, పాటను కాదు. మీరు వలయం బయట నిలబడి అందుకోండి. ఒక పాదం దగ్గర పిల్లలు ఆగిపోతే మీరు పాడకండి, చప్పట్లు మాత్రం ఆపకండి. రెండు దెబ్బల్లో ఎవరో ఒకరు మళ్లీ అందుకుంటారు.

అమ్మమ్మలను, నానమ్మలను ముందు వరసలో కూర్చోబెట్టండి. చివరి చరణం అయ్యాక వలయం తెరిచి వాళ్లనూ పిలవండి. పాట ఇచ్చింది వాళ్లే కాబట్టి ఆ పల్లవిని వాళ్లు మొదలుపెట్టాలి, పిల్లలు అందుకోవాలి.